ఏటి ఒడ్డున ఇల్లు: గోడా, వెదురా, వట్టివేరా?

వానాకాలం దగ్గరపడేసరికి కోనసీమ లంకల్లో, గౌతమి, వసిష్ఠ పాయల పక్కన ఇళ్లున్నవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. పెరటి ఒడ్డు కోసుకుపోకుండా గోడ కట్టించాలా, వెదురు వెయ్యాలా, వట్టివేరు నాటాలా? ఇక్కడ చెప్పేదంతా సొంత పట్టా ఉన్న ఒడ్డు గురించే. ఏటిగట్టు మీద ఏం చెయ్యాలన్నా జలవనరుల శాఖను అడగాల్సిందే.

ముందు ఒడ్డు ఎప్పుడు పోతుందో చూడండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు అందరి చూపూ 17.75 అడుగుల మూడో హెచ్చరిక మీదే ఉంది. ఒడ్డుకు అసలు గండం మాత్రం హెచ్చరిక ఎత్తేశాకే. నీరు నిండుగా ఉన్నన్నాళ్లూ మట్టి ఎంత నానినా ఏటి నీరే బయటి నుంచి దాన్ని ఆనుకుని నిలబెడుతుంది. వరద చప్పున తీస్తే ఆ ఆసరా పోతుంది, మట్టిలోని నీరు మాత్రం అంత తొందరగా దిగదు. డెల్టాలో చాలాచోట్ల పైన ఒండ్రు, కింద ఇసుక. లోపలి నీరు ఇసుకను వెంటేసుకుని బయటికొస్తుంది, అడుగున డొల్ల పడుతుంది, పైన అంచు పొడవునా నెర్రె విచ్చుతుంది. ఆనక ఎండ కాస్తున్న రోజునే పెళ్ల విరిగి ఏట్లో పడుతుంది. అందుకే ఏది పెట్టినా నీటిని బయటికి పోనివ్వాలి, మట్టిని లోతుగా పట్టి ఉంచాలి.

కాంక్రీటు గోడ మొదటి పని దగ్గరే తప్పుతుంది. వెనక కంకర పొర పోసి, మీటరున్నరకొకటి చొప్పున మూడంగుళాల గొట్టాలు వదలకపోతే వెనక నిలిచిన నీరే దాన్ని ఏట్లోకి నెడుతుంది. గొట్టాలున్నా పునాది కింద ఇసుక జారితే ఒరుగుతుంది. పైగా మన గోడకు తగిలిన ఒరవడి పక్కవాళ్ల ఒడ్డును కోస్తుంది. అయితే ప్రవాహం నేరుగా వచ్చి కొట్టే వంపు మీద, ఒడ్డు నిటారుగా ఉన్నచోట ఏ మొక్కా ఆగదు. అక్కడ అడుగున రాయి పేర్చాలి, పై వాలుకు మొక్క వెయ్యాలి.

వెదురు అంచున వద్దు. వేళ్లు ఎక్కువగా పై మీటరులోనే అల్లుకుంటాయి, పొద బరువేమో చాలా ఎక్కువ. అడుగు డొల్లబడితే పొదతోపాటు ఒడ్డూ పోతుంది. అంచు కొబ్బరి చెట్లు వేళ్లు వేలాడేసుకుని ఏట్లోకి వంగేది కూడా ఇందుకే. సరుగుడూ అంచున వద్దు. రెల్లు తనంతట వచ్చి ఉంటే నీటి అంచున అలాగే ఉంచండి, ఒండ్రును బాగా ఆపుతుంది. తోటలోకి పాకితే మాత్రం తవ్వి తీసేయాలి.

వాలుకు నా ఓటు వట్టివేరుకే. వేళ్లు అడ్డంగా పాకవు, నిలువునా దిగుతాయి. మంచి నేలలో మొదటి ఏడాదే రెండు మూడు మీటర్లు పోతాయి. వారాల తరబడి మునిగినా చావదు, ఒండ్రు కప్పేస్తే కణుపుల్లోంచి మళ్లీ పైకొస్తుంది. దక్షిణాదిలో సాగయ్యే రకాలు దాదాపుగా గింజ కట్టవు కాబట్టి పొలంలోకి వ్యాపిస్తుందన్న బెంగ లేదు.

చాలామంది తొలకరికి నాటి దెబ్బతింటున్నారు. జూన్‌లో పెట్టింది వేరు పట్టకముందే జులై, ఆగస్టు వరద ఊడబెరికేస్తుంది. వరదలు తీశాక అక్టోబరు చివర్లో నాటాలి. ముందు వాలును ఒకటికి ఒకటిన్నర చొప్పున, అంటే మీటరు ఎత్తుకు మీటరున్నర పరుపు వచ్చేలా చెక్కండి. వాలుకు అడ్డంగా, మీటరుకో వరస. రెండు మూడు పిలకలున్న మొక్కల ఆకు 20 సెంటీమీటర్లకు, వేరు 10 సెంటీమీటర్లకు కత్తిరించి, 15 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. 20 మీటర్ల ఒడ్డుకు, నాలుగు మీటర్ల ఎత్తుకు (వాలు పొడవు ఏడు మీటర్లు దాటుతుంది) ఏడు వరసలు. చచ్చినవాటి బదులు పెట్టడానికీ కలుపుకుని 1,100 పిలక మొక్కలు తెచ్చుకోండి. మొదటి రెండు వారాలు రోజూ తడి ఇవ్వాలి, నెలలోపు ఖాళీలు పూడ్చాలి. వరసలో ఒక్క సందు మిగిలినా నీరు అక్కడే గాడి తీస్తుంది.

దీనికి నీడ గిట్టదు. కొబ్బరి కింద పలచబడి పోతుంది. మొదటి ఏడాది మేకల్ని రానివ్వకండి. వరద తీయగానే మీద పేరుకున్న గుర్రపుడెక్కను రెండు మూడు రోజుల్లో లాగేయాలి, లేకపోతే కింద మొక్క కుళ్లిపోతుంది. ఏడాదికి రెండుసార్లు మోకాలెత్తుకు కోస్తే పిలక దట్టమవుతుంది. వేళ్లకు ధర ఉందని తవ్వి అమ్మితే ఒడ్డును అమ్ముకున్నట్టే.

చెట్లు కావాలంటే అంచుకు ఐదారు మీటర్లు లోపల ఏరుమద్ది, కానుగ వేసుకోండి. సముద్రం దగ్గర ఉప్పునీరు ఎక్కేచోట లెక్క వేరు, అక్కడ మడ చెట్లే.

ఇంకొకటి. డాబా మీది వాన నీరు, స్నానాల గది నీరు ఒడ్డు అంచున వదిలితే ఇంతా చేసి లాభం లేదు. గొట్టం అడుగుదాకా దించి, నీరు పడేచోట నాలుగు రాళ్లు పరవండి. ఇంకుడు గుంత అంచుకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.