తెలుగు తరగతిలో పాడ్‌కాస్టు పిల్లలది, బ్లాగు నాది

తెలుగు పాఠ్యపుస్తకంలో పాఠం చివరి అభ్యాసాలు వినడం, మాట్లాడటంతో మొదలవుతాయి. చదవడం, స్వీయరచన, పదజాలం, భాషాంశాలు ఆ తర్వాతే వస్తాయి. తరగతిలో మాత్రం ఆ మొదటి భాగం ఒకరిద్దరు చురుకైన పిల్లల జవాబులతో ముగిసిపోతుంది. పరీక్షలో అడగరు కాబట్టి దాని గురించి ఎవరూ బెంగపడరు. నాకు ఆ బెంగ ఉంది. బీఈడీ చదివిన కాలమంతా, బోధనాభ్యాసంలోనూ ఆ తర్వాతా పాడ్‌కాస్టును, బ్లాగును వదలకుండా వాడుతూ వచ్చాను. రెండూ మేలే చేశాయి, కానీ ఒకే రకంగా కాదు. పాడ్‌కాస్టు పిల్లల చేతికి వెళ్లింది, బ్లాగు నా దగ్గర ఉండిపోయింది. ఉద్యోగం వచ్చాక కూడా ఈ పంపకాన్ని ఇలాగే ఉంచుకుంటాను.

పాడ్‌కాస్టు అనగానే టీచరు పాఠం చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపడమే అనుకుంటారు. జ్వరంతో బడి మానిన పిల్లలకు, పరీక్షల ముందు మరోసారి వినాలనుకునేవాళ్లకు అదీ పనికొస్తుంది. అయితే ఒకే గొంతును నిమిషాల తరబడి వినే ఓపిక ఎనిమిదో తరగతి పిల్లలకు ఉండదు. ఉండాలని ఆశించడం న్యాయమూ కాదు. రేడియో పాఠాలు తయారుచేసినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1970లలో మధ్య అమెరికా దేశమైన నికరాగువాలో రేడియో ద్వారా లెక్కలు నేర్పినప్పుడు, ప్రశ్న అడగడం, పిల్లలు జవాబు చెప్పడానికి కాసేపు ఆగడం, తర్వాత సరైన జవాబు వినిపించడం అనే పద్ధతిని పాటించారు. నేను చేసే ఆడియోల్లో కూడా ఆ ఖాళీలు వదులుతాను. మూడు నిమిషాలు దాటితే రెండు ముక్కలు చేస్తాను.

రికార్డింగు మొదట పనికొచ్చింది మాకే, అంటే బీఈడీ చదువుతున్న ఛాత్రోపాధ్యాయులకే. మైక్రో టీచింగ్‌లో, అంటే ఒక్కో బోధనా నైపుణ్యాన్ని చిన్న పాఠంతో సాధన చేసే పద్ధతిలో, ప్రశ్నించే నైపుణ్యం సాధన చేసేటప్పుడు ఫోను బల్ల మీద పెట్టి పాఠమంతా రికార్డు చేసేవాళ్లం. ఆ ఫైలును కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగు సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మాట ఉన్నచోట అల ఎగసి కనిపిస్తుంది, నిశ్శబ్దం ఉన్నచోట సన్నటి గీత మిగులుతుంది. పైన సెకన్ల కొలత ఉంటుంది. ప్రశ్నకూ, టీచరు మళ్లీ నోరు విప్పడానికీ మధ్య ఉన్న గీత ఎంత పొడవుందో చూస్తే చాలు, పిల్లలకు ఆలోచించుకునే సమయం ఎంత ఇచ్చామో తెలిసిపోతుంది. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు నిడివిలోనూ లోతులోనూ పెరుగుతాయనీ మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో చూపించారు. పుస్తకంలో చదివినప్పుడు అదొక సమాచారం. తెర మీద ఆ గీతను చూశాక మా బృందంలో అందరం ఆగడం నేర్చుకున్నాం.

ఇక సామగ్రి. ఆడాసిటీ ఉచితం, ఓపెన్ సోర్స్, 2000 సంవత్సరం నుంచి ఉంది, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. రికార్డింగుకు మామూలు ఫోను చాలు. అసలు శత్రువు ఫ్యాను. ఆపితే చెమట, వేస్తే రొద. అందుకే ఎవరూ మాట్లాడకుండా ఫ్యాను చప్పుడు మాత్రమే వినిపించేలా మొదట రెండు సెకన్లు రికార్డు చేయిస్తాను. తర్వాత ఆ ముక్కను ఎంచుకుని, రొద తగ్గించే ఎఫెక్టుకు నమూనాగా చూపించి, ఫైలు మొత్తానికి వర్తింపజేస్తే చప్పుడు చాలావరకు పోతుంది. అయితే అత్యాశ పనికిరాదు. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది, శ, ష, స ముందుగా దెబ్బతింటాయి. తెలుగు టీచరుకు అది పెద్ద నష్టం. ఫైలును మోనోలో, 64 కేబీపీఎస్ ఎంపీ3గా దాచుకుంటే ఐదు నిమిషాల ఆడియో దాదాపు రెండున్నర ఎంబీ అవుతుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో కూడా అంత ఫైలు వెళ్తుంది. గోడలు ఖాళీగా ఉన్న తరగతి గదిలో మాట మారుమోగుతుంది కాబట్టి ఆటల సామాన్లు, చాపలు పెట్టే గది నయం.

పద్యాల దగ్గర నాకు కలిగిన తృప్తి మరెక్కడా కలగలేదు. ఉత్పలమాలలో, చంపకమాలలో పదం ఒక పాదంలో మొదలై తర్వాతి పాదంలో ముగియడం మామూలే. పిల్లలేమో పాదం చివర టక్కున ఆగుతారు, మాట రెండు ముక్కలవుతుంది. అలా ఆగకూడదని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపుతారు, మళ్లీ ఆగుతారు. ఒకమ్మాయి తన గొంతును తానే విని, మాట విరిగిన చోట చేయి పైకెత్తి ఆపించింది. 'టీచర్, ఇక్కడ అర్థం కాలేదు, నేనే చదివాను కానీ నాకే అర్థం కాలేదు' అంది. పుస్తకం తీసి, విరిగిన పదం కింద పెన్సిలుతో గీత గీసుకుని, మళ్లీ రికార్డు చేయమంది. నేను ఏమీ చెప్పనవసరం రాలేదు. ఆ తర్వాత తరగతిలో సగం మంది పద్యాల కింద అలాంటి గీతలు కనిపించాయి.

నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి ఇంటర్వ్యూలు. మా బోధనాభ్యాస పాఠశాల చీరాల వైపు చేనేత ఊళ్లో ఉంది. ప్రాజెక్టు పని అంటే సామెతలో పొడుపుకథలో సేకరించి నోటు పుస్తకంలో రాయడమే పిల్లలకు అలవాటు. ఈసారి ఇంట్లోనో పక్కింట్లోనో మగ్గం నేసేవారితో మాట్లాడి రికార్డు చేయమన్నాం. మొదట తెచ్చిన ప్రశ్నలు 'రోజుకు ఎంత నేస్తారు, ఎంత వస్తుంది' అన్న తీరులో ఉన్నాయి, జవాబులు రెండు మాటల్లో అయిపోయాయి. తరగతిలో కూర్చుని ప్రశ్నలు మార్చుకున్నాం. 'దారం ఎక్కువగా ఎప్పుడు తెగుతుంది, తెగితే ఏం చేస్తారు' అని అడిగిన అబ్బాయికి వాళ్ల తాతయ్య నాలుగు నిమిషాలు ఆపకుండా చెప్పారు. పడుగు, పేక, కండె, నాడె, అచ్చు అతకడం, గుంట మగ్గంలో కాళ్లు పెట్టే తీరు, వానాకాలంలో గుంటలోకి ఊరే చెమ్మ, అన్నీ వచ్చాయి. వెనకాల మగ్గం చప్పుడు కూడా ఉంది. రొద తగ్గించే ఎఫెక్టును ఆ ఫైలు దగ్గరికి రానివ్వలేదు. ఆ మాటల్లో చాలావాటిని నేనూ అప్పుడే విన్నాను. తరగతిలో వెనక బెంచీలో ఉండే ఆ అబ్బాయే లేచి ఒక్కో పదానికీ అర్థం చెప్పాడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పాఠం చదివే రికార్డింగులో ళ, ణ, ఒత్తులు సరిచేస్తాను. ఇంటర్వ్యూలో తాతయ్య మాటను గానీ, ఇంటి యాసలో అడిగిన మనవడి మాటను గానీ ముట్టుకోను. పిల్లల ఇంటి భాషను తప్పుల జాబితాలో వేస్తే ఆ రోజు నుంచే వాళ్లు నోరు మూసుకుంటారు.

ఈ ఆడియోలను బయట ఎక్కడా పెట్టలేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన సమ్మతి ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, పదమూడేళ్ల పిల్ల గొంతు ఎప్పటికీ చెరగని చోట ఉండాలా వద్దా అన్నది మనం తీర్మానించేది కాదు. పైగా వేదికలు కూడా శాశ్వతం కావు. గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది, యాంకర్ అనే మరో పాడ్‌కాస్టు వేదిక 2023లో పేరుతో సహా మారిపోయింది. అందుకే మూల ఫైలు బడి కంప్యూటర్‌లో ఒకటి, పెన్ డ్రైవ్‌లో ఒకటి ఉంచాం. వినిపించింది తరగతిలోని ఇంటరాక్టివ్ ప్యానెల్ స్పీకర్లలో, ప్రార్థన సమావేశంలో మైకు దగ్గర. పిల్లలు కోరుకునే శ్రోతలు కూడా వాళ్ల బడివాళ్లే.

బ్లాగు సంగతి వేరు. నా బోధనా డైరీని బ్లాగులో రాసుకోవడం నాకు చాలా మేలు చేసింది. సంధుల పాఠం ఎలా చెప్పాను, ఏ ఉదాహరణ దగ్గర పిల్లల ముఖాలు వెలిగాయి, సమయం ఎక్కడ చాలలేదు అని రాసి, ప్రతి టపాకూ అంశం పేరుతో లేబుల్ తగిలిస్తాను. తర్వాత అదే పాఠం మళ్లీ చెప్పాల్సి వచ్చినప్పుడు లేబుల్ నొక్కితే పాతవన్నీ ఒకచోట కనిపిస్తాయి. బీరువాలో ఉన్న రికార్డు పుస్తకంతో ఈ పని కాదు. ఆహ్వానించినవారు మాత్రమే చదివేలా పెట్టుకోవచ్చు కాబట్టి సహాధ్యాయులం ఒకరి డైరీ ఒకరం చదువుకుని వ్యాఖ్యలు రాసుకున్నాం. కూడలి, జల్లెడ వంటి సంకలినులు (బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోట చూపే సైట్లు) ఉన్న రోజుల్లో తెలుగు బ్లాగుల్లో నడిచిన చర్చల ఓపిక మా చిన్న గుంపులోనూ కొంత వచ్చింది.

పిల్లల చేత బ్లాగు రాయించడాన్ని మాత్రం ఇప్పుడే సిఫారసు చేయలేను. కారణం టైపింగు. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'స్త్రీ' రావాలంటే ఆరు మీటలు నొక్కాలి: స, హలంతం (పొల్లు), త, హలంతం, ర, ఆపైన గుడిదీర్ఘం. ఇందులో తర్కం ఉంది, వర్ణక్రమం నేర్పడానికి చక్కటి సాధనం కూడా. కానీ పీరియడ్ నలభై అయిదు నిమిషాలే. ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసే పద్ధతి వేగంగా సాగుతుంది, కానీ సొంత భాషలో ఒక వాక్యం రాయడానికి పిల్లవాడు ఇంగ్లీషు అక్షరాల వరుస వెతుక్కోవాలి. ణ కావాలంటే ఏది నొక్కాలి, ళ కావాలంటే ఏది నొక్కాలి అన్న సందేహంలో చెప్పదలచుకున్న మాట పోతుంది. నోటితో చెబితే టైపు చేసే సౌకర్యం ఉంది కానీ, కండె, నాడె వంటి మాటలు వినగానే దానికి తోచిన వేరే పదం పడుతుంది, విరామ చిహ్నాలు చాలాసార్లు పడవు. పిల్లల రచనలకు గోడపత్రికే నాకు నచ్చింది. అక్కడ చేతిరాత ఉంటుంది, బొమ్మ ఉంటుంది, దారిన పోయే పిల్లలు నిలబడి చదువుతారు.

అయిదు మార్కులకైతే పాడ్‌కాస్టుకు నాలుగున్నర ఇస్తాను, తగ్గించిన అర మార్కు ఎడిటింగుకు పట్టే సాయంత్రాల కోసం. బ్లాగుకు ఉపాధ్యాయుల సాధనంగా నాలుగు, ఉన్నత పాఠశాల పిల్లల సాధనంగా రెండు.

ఇప్పుడు నా పట్టుదల ఒక్కదాని మీదే ఉంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో) ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. వాటిని నాలుగు పేజీల రాతకే కాకుండా, అడిగిన ప్రశ్నల నాణ్యత చూసి ఆడియో ఇంటర్వ్యూకు కూడా ఇవ్వాలి. మాకు మార్గదర్శిగా ఉన్న తెలుగు ఉపాధ్యాయురాలు ఇందుకు ఒప్పుకున్నారు. తాతయ్యను అడిగిన అబ్బాయికి ఆ మార్కులు వేశారు కూడా. ఈ పద్ధతిని తమ బడిలో మొదలుపెట్టాలనుకునే టీచర్లకు మేం వాడిన ప్రశ్నల పట్టికను సంతోషంగా పంపుతాను.