రైజెన్ 7 5800ఎక్స్3డీ: ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేవారికి పనికొచ్చే ప్రాసెసర్

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో ఎయిర్‌బస్ ఏ320 నియోతో రేణిగుంట నుంచి లేచినప్పుడు నా పాత రైజెన్ 5 3600 ప్రాసెసర్‌తోనూ శేషాచలం కొండలు సాఫీగానే కదిలేవి. అదే విమానం చెన్నై మీనంబాకంలో దిగబోయేసరికి భవనాలు, ఇతర విమానాలు ఒక్కసారిగా పెరిగి దృశ్యం ఆగి ఆగి సాగేది. తిరుపతిలో ఏ కంప్యూటర్ దుకాణంలో అడిగినా ఆర్‌టీఎక్స్ 3060 తీసేసి అంతకంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేసుకోమనే చెప్పారు. అయితే సిమ్యులేటర్‌లోని డెవలపర్ మోడ్‌లో ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని దృశ్యాలు వస్తున్నాయో) చూపే పట్టీ మాత్రం ఆటంకం మెయిన్ థ్రెడ్ దగ్గరే, అంటే ప్రాసెసర్‌లో ఆట ప్రధాన పని నడిచే వరుస దగ్గరే ఉందని స్పష్టంగా చూపింది.

ఈ సంగతి టాస్క్ మేనేజర్‌లో తేలిగ్గా కనిపించదు. 3600లో 12 థ్రెడ్లు ఉంటాయి గనుక, వాటిలో ఒకటి పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతమే అవుతుంది. అది చూసినవారు ప్రాసెసర్ ఖాళీగానే ఉందనుకుంటారు. రెండరింగ్ స్కేల్ (కార్డు గీసే దృశ్యం పరిమాణం) బాగా తగ్గించినా ఫ్రేమ్‌ల సంఖ్య పెరగలేదంటే గ్రాఫిక్స్ కార్డు ప్రాసెసర్ కోసం ఎదురు చూస్తోందని అర్థం. అలాంటప్పుడు చిన్న దృశ్యాన్ని గీసి పెద్దది చేసి కార్డు భారం తగ్గించే డీఎల్ఎస్ఎస్ ఆన్ చేసినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

అందుకే నేను కార్డు కాకుండా ప్రాసెసర్ మార్చాను. నేను తీసుకున్న ఏఎండీ వారి 5800ఎక్స్3డీ 2022 ఏప్రిల్‌లో వచ్చింది. దీని గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్ కాగా, 3డీ లేని 5800ఎక్స్ వేగం 4.7. అయినా ఈ ఆటలో ముందుండేది తక్కువ వేగమున్న 3డీయే, ఎందుకంటే దీనిలోని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) 32 నుంచి 96 మెగాబైట్లకు పెరిగింది. విమాన భౌతిక సూత్రాలు, వాతావరణం, ట్రాఫిక్, కాక్‌పిట్ తెరలు, నేల వివరాలు అన్నీ ప్రతి ఫ్రేమ్‌కూ లెక్కకు రావాలి. ఆ సమాచారం క్యాష్‌లో దొరక్కపోతే ప్రాసెసర్ ర్యామ్ దాకా వెళ్లి వేచి ఉండాల్సిందే. క్యాష్ పెరగడంతో ఆ నిరీక్షణ తగ్గింది. చెన్నైలో దిగేటప్పుడు వచ్చే తడబాటు దాదాపు పోయింది, సగటు ఫ్రేమ్‌ల కంటే ఈ నిలకడే నాకు ఎక్కువ విలువైనదిగా అనిపించింది.

పాత బీ450 మదర్‌బోర్డులోనే బయాస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి దీన్ని బిగించవచ్చు, బోర్డు, ర్యామ్ మార్చనక్కరలేదు. కొత్తది దొరకకపోతే 2024 జనవరిలో వచ్చిన 5700ఎక్స్3డీ చూడవచ్చు. వేగం కొంత తక్కువైనా క్యాష్ అంతే. కొన్నాక కూడా టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ను (నేల వివరాలు ఎంత దూరం దాకా కనిపించాలో చెప్పే సెట్టింగ్) ఇష్టం వచ్చినట్లు పెంచితే మెయిన్ థ్రెడ్ మళ్లీ నిండుతుంది. మేఘాల నాణ్యత, రెజల్యూషన్ మాత్రం కార్డు భారమే, కాబట్టి 4కే తెర మీద ఆడేవారు ఈ ప్రాసెసర్ వల్ల పెద్ద తేడా ఆశించకూడదు. వారికి పెద్ద కార్డు వేసుకోమన్న దుకాణంవారి సలహాయే సరైనది.

పెట్టెలో కూలర్ రాదు, విడిగా కొనాలి. 105 వాట్ల ఈ చిప్‌కు 90 డిగ్రీలే పరిమితి. రోహిణి కార్తె ఎండల్లో తిరుపతిలో ఏసీ లేని గదిలో పెట్టేవారు కూలర్ దగ్గర పిసినారితనం చూపకూడదు. గుణకం (మల్టిప్లయర్) పెంచి ఓవర్‌క్లాక్ చేసే, అంటే నిర్ణీత వేగాన్ని దాటించే వీలు కూడా దీనిలో లేదు, ఈ వేడిలో అది లోటుగా నేను భావించను.