పానగల్లు చెరువుకట్ట మీద చలి పొద్దు

నల్గొండలో రాత్రి ఉండాలా, పొద్దున వచ్చి సాయంత్రం పోవచ్చా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇది: గుళ్ళ కోసమైతే ఉండనక్కర్లేదు, చెరువు కోసమైతే ఉండాల్సిందే. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు. ఎంత తొందరగా బయల్దేరినా కట్ట ఎక్కేసరికి ఎండ ముదురుతుంది. డిసెంబర్‌లో ఆరున్నరకే అక్కడుంటేనే పిట్టలు కనిపిస్తాయి.

బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రమే, దుప్పట్లే పల్చన. వేడినీళ్ళు ఏడు దాటితే గానీ రావట. స్నానం తిరిగొచ్చాకే అనుకుని మఫ్లర్లు చుట్టుకుని బయటపడ్డాం. పానగల్లు నాలుగు కిలోమీటర్లే. ఆటో అతను నూటయాభై అడిగి వందకు ఒప్పుకున్నాడు. తిరిగి రావడానికి అతని నంబర్ తీసుకోవడం మంచిదైంది, అంత పొద్దున అటు ఇంకో బండి రాదు.

పానగల్లు చెరువు అసలు పేరు ఉదయసముద్రం, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటిది. ఇప్పుడది ఒకటిన్నర టీఎంసీల రిజర్వాయర్. పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్ళు అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా ఇక్కడికి చేరతాయి. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన జిల్లాలో ఇన్ని నీళ్ళు ఒక్కచోట కనిపిస్తే, పిట్టల మాట మరిచి కాసేపు నీళ్ళనే చూడబుద్ధవుతుంది.

కట్ట మీద నడక హాయిగా ఉంటుంది గానీ పిట్టలకు కట్ట పక్క లోతు నచ్చదు. అక్కడ మునిగి చేపలు పట్టే నీటికాకులే ఉంటాయి. వాటి రెక్కలు తడిసిపోతాయి కాబట్టి రాళ్ళ మీద రెక్కలు చాపుకుని ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి. కొంగలకు, బాతులకు మోకాలి లోతు నీళ్ళు, బురద కావాలి. అందుకే కట్ట దిగి, నీళ్ళు పల్చబడే అంచుకు పోవాలి. మా ఆవిడ బైనాక్యులర్స్ నాకు ఇవ్వనే లేదు. తెడ్డుమూతి కొంగ ఒకటి మూతిని నీళ్ళలో అటూ ఇటూ ఊపుతూ తిరుగుతోందట, నాకు తెల్లటి చుక్కే కనిపించింది. థర్మాకోల్ తెప్ప మీద వలలు తీస్తున్న అతను మాత్రం, "ఫొటోలేనా సారూ, చేపలు కొనరా?" అని నవ్వాడు. బొచ్చె చేపలు బాగున్నాయి, లాడ్జిలో వండుకోలేంగా!

చాయ్ తిరిగి ఊళ్ళోకి వచ్చాకే దొరికింది. ఫ్లాస్క్ ఉంటే వెంట తీసుకెళ్ళండి.

తర్వాత గుళ్ళు. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పొద్దంతా స్తంభం నీడ నిలబడే ఉంటుంది. అది ఏ స్తంభానిదో తేల్చాలని మండపమంతా తిరిగాం, తేలలేదు. పచ్చల సోమేశ్వరాలయానికి జనం తక్కువ. నాకైతే అదే ఎక్కువ నచ్చింది: బయటి గోడల మీద రామాయణ, భారత కథల చెక్కడాలు, పక్కనే మ్యూజియం. గంటన్నర తక్కువ పెట్టుకోకండి. రెండో రాత్రికి గది మాత్రం అనవసరం, మధ్యాహ్నం భోంచేసి బస్సెక్కేయొచ్చు.