భారీగా తయారయ్యే రెడ్ వైన్‌లో నేల గుణం నిలుస్తుందా: మూడు పద్ధతులలో ఏది మేలు?

ద్రాక్షతోటలోని మట్టి, వాలు, ఎండ, గాలి కలిసి వైన్‌కు ఇచ్చే ప్రత్యేకతను టెర్వార్ అంటారు. సీసాల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ప్రత్యేకత పలచబడుతుందని చాలామంది నమ్ముతారు. నేను ముందుగా అడిగే ప్రశ్నలు వేరు: ఒకే తొట్టిలో కలిసిన ద్రాక్ష ఎంతెంత దూరపు తోటలనుంచి వచ్చింది? వైనరీలో, అంటే వైన్ తయారయ్యే చోట, దాని స్వభావాన్ని ఎంతగా సరిదిద్దారు? ఈ రెండు ప్రశ్నలతోనే మూడు పద్ధతులనూ తూచి చూడాలి.

మొదటిది చిన్న తోట పద్ధతి. ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతపు రోమనే-కోంటీ తోట విస్తీర్ణం సుమారు 1.8 హెక్టార్లు మాత్రమే. ఆ వైన్ ఆ ఒక్క చోటికే చెందినదనడంలో వివాదం లేదు. అయితే చిన్న పరిమాణం దానంతట అదే హామీ ఇవ్వదు. అదే ప్రాంతంలో దాదాపు 50 హెక్టార్ల క్లో ద వూజో తోట నేడు సుమారు 80 మంది యజమానుల మధ్య చీలి ఉంది. ఒక్కొక్కరు తీసే వైన్ కొద్దిపాటిదే అయినా, నీరు బాగా ఇంకిపోయే పైవాలు భాగానికీ, తేమ నిలిచే కింది భాగానికీ నాణ్యతలో ఎంతో తేడా ఉంటుంది. పైగా మితిమీరి పండిన ద్రాక్షతో చేసిన వైన్‌ను కొత్త ఓక్ చెక్క పీపాలలో ఉంచితే, ఎంత చిన్న తోటలోదైనా చివరికి చెక్క వాసనే మిగులుతుంది.

రెండవది, అనేక ప్రాంతాల ద్రాక్షను కలిపే పద్ధతి. ఆస్ట్రేలియాలోని పెన్‌ఫోల్డ్స్ సంస్థలో వైన్ తయారీదారు మాక్స్ షూబర్ట్ 1951లో ప్రయోగంగా మొదలుపెట్టిన గ్రేంజ్ అనే వైన్ దీనికి ఉత్తమ ఉదాహరణ. ప్రధానంగా షిరాజ్ ద్రాక్షతో, దక్షిణ ఆస్ట్రేలియాలోని వేర్వేరు ప్రాంతాల పంటను ఏరి కలిపి చేసే ఆ వైన్ దశాబ్దాలు నిలిచే గొప్ప వైన్. కానీ అందులో వినిపించేది తయారీదారు శైలి. ఇదే పద్ధతి చవక వైన్లలో మరీ దూరం పోతుంది. సీసాలపై కనిపించే 'సౌత్ ఈస్టర్న్ ఆస్ట్రేలియా' అన్న ప్రాంతం పేరు న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, టాస్మేనియా రాష్ట్రాలను పూర్తిగానూ, క్వీన్స్‌లాండ్, దక్షిణ ఆస్ట్రేలియాలలో కొన్ని భాగాలనూ కలుపుకొంటుంది. అంత విశాలమైన నేలకు ఒకే రుచి ఉండడం సాధ్యం కాదు. యంత్రాలతో కోసి, ఎంపిక చేసిన ఈస్ట్‌తో పులియబెట్టి, ఓక్ ముక్కలు వేసి, ఏటా ఒకే రుచి వచ్చేలా దిద్దినప్పుడు ఆ ఏడాది వాతావరణం గుర్తు కూడా చెరిగిపోతుంది.

మూడవది, పరిమాణం పెద్దదైనా ఒకే చోటికి కట్టుబడే పద్ధతి. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో 100 హెక్టార్లకు పైగా తోటలున్న షాతో లఫీత్ అనే వైన్ సంస్థ ప్రధానంగా తన పోయాక్ ఊరి గులకనేలకే కట్టుబడి ఉంటుంది. ప్రధాన వైన్‌కు సరిపోని భాగాలను రెండవ వైన్‌కు మళ్లిస్తుంది. అయినా నన్ను పూర్తిగా ఒప్పించింది ఇటలీలోని ప్రొడుత్తోరి దెల్ బర్బరెస్కో. 1958లో బర్బరెస్కో ఊరి చర్చి పూజారి చొరవతో 19 మంది రైతులు స్థాపించిన ఈ సహకార సంఘంలో ఇప్పుడు సుమారు 50 కుటుంబాలున్నాయి, వాటి తోటలు 100 హెక్టార్లకు పైమాటే. ఆ ఊరి పేరుతో వచ్చే బర్బరెస్కో వైన్‌ను నిబంధన ప్రకారం మొత్తం నెబ్బియోలో రకం ద్రాక్షతోనే చేయాలి, కనీసం 26 నెలలు నిల్వ ఉంచాలి. మంచి సంవత్సరాలలో తొమ్మిది తోటల పంటను విడివిడిగా, కానీ ఒకే విధంగా పులియబెట్టి, పెద్ద ఓక్ పీపాలలో ఉంచి, తోట పేరుతోనే రిజెర్వాలుగా, అంటే మామూలుకన్నా ఎక్కువ కాలం నిల్వ ఉంచిన వైన్లుగా, సీసాలకెత్తుతారు. ద్రాక్ష రకం, వైనరీ, విధానం, సంవత్సరం అన్నీ సమానమైనప్పుడు, ఆ తొమ్మిదిలో అసిలి తోట వైన్ పరిమళంగా, సున్నితంగా ఉండడానికీ, మోంతెస్తెఫానో తోట వైన్ దృఢంగా, ఎక్కువ వగరుతో ఉండడానికీ కారణం నేలలో, వాలులో కాక ఇంకెక్కడ వెతకాలి? ఇంత స్పష్టమైన పరీక్ష చిన్న యజమానుల సీసాలను పోల్చినప్పుడు దొరకదు, ఎందుకంటే అక్కడ ఒక్కొక్కరి పనితీరూ వేరు.

అందువల్ల నేల గుణం కోసమే వైన్ ఎంచుకునేవారికి నేను మూడవ పద్ధతినే సూచిస్తాను. ఆ తొమ్మిది తోటలకు విడి సీసాలు వేయని సంవత్సరాలలో వాటి ద్రాక్ష అంతా సంఘం మామూలు బర్బరెస్కోలో కలుస్తుంది. అది ఎక్కువ సంఖ్యలో వచ్చే సీసాయే అయినా, అలాంటి ఏడాదిలో దాన్నే వెతికి కొనడం మంచిది.