గాలాపగోస్‌లో ఏది మేలు: ఓడలో తిరగడమా, దీవిలో బస చేయడమా?

గాలాపగోస్ అంటే పసిఫిక్ సముద్రంలో ఈక్వడార్ దేశానికి చెందిన దీవులు. బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు మొదట ఖర్చు లెక్క వేసుకుంటారు. అంతకన్నా ముందు ఏ ప్రాణిని చూడాలో తేల్చుకోండి. ఋషికుల్య ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో ఒక్కచోట కూర్చుంటే చాలు. గాలాపగోస్‌లో అలా కుదరదు, ఒక్కో దీవిది ఒక్కో జీవం.

ఎగరలేని నీటికాకి పడమటి దీవులైన ఫెర్నాండినాలో, ఇసబెలా పడమటి, ఉత్తర తీరాల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఎర్రకాళ్ల బూబీలనే సముద్రపక్షుల పెద్ద గుంపులు హెనోవేసా దీవిలో ఉంటాయి. వీటికోసమైతే ఓడే ఎక్కాలి. ఓడ రాత్రంతా నడిచి తెల్లారేసరికి దీవి ముందుంటుంది, ఎండ ముదరకముందే దిగొచ్చు. అయితే ప్రతి ప్రయాణంలోనూ పడమటి దీవులు, హెనోవేసా రెండూ ఉండవు. డబ్బు కట్టేముందు దీవుల పేర్లు చదవండి. జూలై నుంచి అక్టోబరు దాకా అలలు పెద్దవి, చిన్న ఓడ బాగా ఊగుతుంది. కింది అంతస్తులో మధ్య గది అడగండి. వాంతుల మాత్ర కడుపు తిప్పాక పనిచేయదు, బయల్దేరే ముందే వేసుకోవాలి.

బసకు శాంతాక్రూజ్‌లో పోర్తో అయోరా, ఇసబెలాలో పోర్తో విల్లమిల్ బాగుంటాయి. పెద్ద తాబేళ్లు శాంతాక్రూజ్ ఎగువ పొలాల్లో తిరుగుతుంటాయి. పెంగ్విన్లు విల్లమిల్ దగ్గరే కనిపిస్తాయి. సముద్ర ఇగ్వానాలు, అంటే ఈదే పెద్ద బల్లులు, రేవు రాళ్ల మీదే పడుకుంటాయి. కాసేపు నిలబడి చూడండి: ముక్కుల్లోంచి ఉప్పునీరు తుమ్మినట్టు చిమ్ముతాయి, అది ఎండి నెత్తిమీద తెల్లగా పేరుకుంటుంది. రెండు మీటర్ల దూరం మాత్రం దాటకూడదు. దీవి నుంచి దీవికి స్పీడ్‌బోటులో రెండు గంటల పైనే, టికెట్టు 30 డాలర్ల పైచిలుకు. దూరపు దీవికి పొద్దున వెళ్లి సాయంత్రానికి వస్తే సగం రోజు బోటులోనే పోతుంది.

ముసలివాళ్లు, పిల్లలు ఉంటే బసే మేలు. పక్షులే ప్రాణమనుకునేవాళ్లు పడమటి దారి ఓడకే డబ్బు కూడబెట్టుకోండి, ఆ ఖర్చు వృథా పోదు.

ఏ దారైనా పార్కు రుసుము తప్పదు: 2024 ఆగస్టు నుంచి విదేశీ పెద్దవాళ్లకు 200 డాలర్లు, నగదు దగ్గరుంచుకోండి. సామాను తనిఖీలో తాజా పళ్లు, గింజలు, మట్టి అంటిన చెప్పులు ఆపేస్తారు, చింతపండులో గింజ కూడా ఉండకుండా చూసుకోండి. దీవులకు విమానం ఈక్వడార్ రాజధాని కీటో నుంచి గానీ, తీరపు నగరం గ్వయాకిల్ నుంచి గానీ ఎక్కాలి. కీటో 2,850 మీటర్ల ఎత్తు, తలనొప్పి రావొచ్చు. గ్వయాకిల్ మీదుగా వెళ్లడం సుఖం. ఈక్వడార్‌లో దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ ఉంది కాబట్టి దాని టీకా పది రోజుల ముందే వేయించుకుని కార్డు వెంట ఉంచుకోండి, లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచొచ్చు.