నీటితో చల్లబడే ఇన్సులిన్ సంచి: బొబ్బిలిలో ఒకలా, బారువలో ఒకలా

టైప్ వన్ డయాబెటిస్ ఉన్న పిల్లల అమ్మానాన్నలు ఒకచోట చేరితే ఎండాకాలం ముందు తప్పకుండా వచ్చే ప్రశ్న: ఆ నీళ్ళ సంచి కొనొచ్చా? ఈ తరహాలో బాగా తెలిసిన పేరు ఫ్రియో. ఐస్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. 37.8 డిగ్రీల వేడిలోనూ 45 గంటలపాటు లోపల 18–26 డిగ్రీల మధ్య ఉంటుందని కంపెనీ మాట. బొబ్బిలి వైపు పొడిగాలి వీచే రోజుల్లో ఆ మాట నమ్మొచ్చు. బారువ, కళింగపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఉక్కపోత రోజున నమ్మకండి.

సంచి చల్లబడేది అందులోని నీరు ఆవిరైతేనే. 38 డిగ్రీల ఎండలో తేమ 30 శాతం ఉంటే అలా ఆవిరై 24–25 డిగ్రీల దాకా దిగొచ్చు. ఎండ 35 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతం అయితే 30 దగ్గరే ఆగిపోతుంది. ఏ కంపెనీ సంచి అయినా అంతే. ఒంటిమీద చెమట ఆరని రోజున సంచి కూడా ఆరదు. వైరు ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటరు దొరికితే దాని కొస సంచిలో పెట్టి మధ్యాహ్నం రెండు గంటలకు చూడండి, మీ ఊరి సంగతి తేలిపోతుంది.

వాడడం తేలికే. లోపలి సంచిని ఐదు నుంచి పది నిమిషాలు నీళ్ళలో ముంచితే అందులోని నీరు పీల్చే పలుకులు ఉబ్బి జిగురుముద్దలా అవుతాయి. పైన తువ్వాలుతో అద్ది, బయటి తొడుగులో పెట్టాలి. ఎక్కువసేపు నానబెడితే మరీ ఉబ్బి ఇన్సులిన్ పెన్ను దూరదు. ఉప్పుబోరు నీళ్ళు వద్దు, పలుకులు సరిగ్గా ఉబ్బవు, తాగేనీళ్ళు వాడండి. ముద్ద పలచబడగానే మళ్ళీ ముంచాలి. వానాకాలంలో ఆరడానికి రోజులు పడుతుంది, తడిగా మూసి దాచేస్తే ముక్కిన వాసన ఖాయం.

సంచి పని పాడయ్యేది ఎక్కువగా మన అతిజాగ్రత్త వల్లే. పుస్తకాలు తడుస్తాయని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో పెడతారు, ఇక ఆవిరి పోయేదెలా? బ్యాగు బయటి జేబులో, గాలి తగిలేలా ఉంచాలి. స్కూటీ డిక్కీలో అసలు వద్దు. ఇంకా చల్లగా ఉంటుందని ఫ్రీజర్లో పెడితే గడ్డకట్టి లోపలి ఇన్సులిన్ కూడా పోతుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే.

ఇది వాడుకలో ఉన్న పెన్నుకే, నిల్వకు కాదు. సీలు తీయనివి 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లోనే ఉండాలి. తెరిచినవాటికి చాలా రకాల్లో గడువు 28 రోజులు, వేడి హద్దు కొన్నిటికి 25, కొన్నిటికి 30 డిగ్రీలు. పెట్టెలోని కాగితం చూడండి. రోజుకు 8 యూనిట్లు తీసుకునే పిల్లకు 28 రోజులకు 224 యూనిట్లు. పెన్నులో పెట్టే 300 యూనిట్ల కార్ట్రిడ్జ్‌లో మిగిలింది ప్రాణం ఒప్పక దాచుకోకండి.

సంచి చేతులెత్తేసేది తుపానప్పుడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్ ఆగితే సీలు తీయనివాటిని ఈ సంచి కాపాడలేదు. అలాంటప్పుడు తోటి తల్లిదండ్రులే దిక్కు. ఒడ్డు ఊళ్ళ కుటుంబం, శ్రీకాకుళం లేదా విజయనగరం టౌనులో ఇన్వర్టరుతో ఫ్రిజ్ నడిచే కుటుంబం జతకట్టి, ఒకరి సీలు ప్యాకులో సగం రెండోవారి ఇంట్లో ఉంచుకోవాలి. ఇన్సులిన్ పేరు, బలం, గడువు తేదీ కాగితంమీద రాసి రెండిళ్ళలోనూ అంటించండి. తుపానులో ఫోను మాట వినదు. చేపల ఐసు దొరికిందని ఇన్సులిన్‌ను నేరుగా అందులో గుచ్చకండి. తువ్వాలు చుట్టిన చల్లటి నీళ్ళ సీసా పక్కన పెడితే మేలు. రెండు కుండల మధ్య తడి ఇసుక పోసే పద్ధతీ ఉంది, నీడలో గాలి ఆడేచోట పనిచేస్తుంది; కానీ దానికీ తేమ హద్దే.

ఇచ్చిపుచ్చుకునేటప్పుడు సీలు ఉన్నదే ఇవ్వాలి. వాడుతున్న పెన్ను, సూది మార్చినా సరే, ఇంకో బిడ్డకు పెట్టకూడదు. రక్తం వెనక్కి పెన్నులోకి వెళ్ళి ఉండొచ్చు. సీసా అయితే మీద బలం (ఒక మి.లీ.లో ఎన్ని యూనిట్లో) 40 అని ఉందో 100 అని ఉందో చూడండి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత. 100 బలం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 4 గీతదాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 10 యూనిట్లు. చిన్నపిల్లలకు అది ప్రమాదం. తిరగేస్తే 10 గీతకు 4 యూనిట్లే, అప్పుడు షుగరు దిగదు. రకం వేరైతే డాక్టరును అడగకుండా మార్చొద్దు.

నీళ్ళలా ఉండాల్సింది మబ్బుగా మారినా, తెల్లటి రకంలో గడ్డలు తేలినా వాడకండి. చూడటానికి బాగున్నా వేడికి బలం తగ్గి ఉండొచ్చు. డోసు సరిగ్గా ఇచ్చినా షుగరు దిగకపోతే కీటోన్ స్ట్రిప్‌తో (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పెరిగే కీటోన్లను చూపే పట్టీ) చూసి, డాక్టరుతో మాట్లాడి కొత్తది తెరవండి. వాంతులు కూడా ఉంటే ఆగకుండా ఆసుపత్రికి.

కొనేవారు రెండు పెన్నులు పట్టే సైజు తీసుకోండి. ఒకే పెన్ను సైజులో భోజనం ముందుదీ, రాత్రిదీ కలిపి ఇరికించాల్సి వస్తుంది. బడికీ, ఆర్టీసీ బస్సు ప్రయాణానికీ పనికొస్తుంది. ఒడ్డు ఊళ్ళవాళ్ళు మాత్రం ముందు టౌనులో జతను వెతుక్కుని, తర్వాత సంచి కొనండి.