రేసు వారాంతానికి కుదుర్చుకున్న సహాయ బృందం: పిట్‌లో చూసిన పనితనం, వర్క్‌షాపులో జరిగిన అశ్రద్ధ

సొంత కారుతో ఔత్సాహిక పోటీల్లో పాల్గొనేవారి కోసం, కారును ముందుగా సిద్ధం చేసి రేసు జరిగే మూడు రోజులూ పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లను సరిచేసే చోట) వెంట ఉండే బృందాలు ఉన్నాయి. వారమంతా ఉద్యోగం చేసుకుని శుక్రవారం ఉదయం హెల్మెట్ పట్టుకుని నేరుగా ట్రాక్‌కు చేరే నాలాంటి వ్యక్తికి ఆ సేవ పెద్ద ఊరట. ఈ మధ్య అలాంటి ఒక బృందాన్ని కుదుర్చుకున్నాను. ఆ మూడు రోజుల్లో కారు నాలుగు సార్లు మొరాయించింది, ఒకసారి నన్ను ప్రమాదం అంచు దాకా తీసుకెళ్లింది. బృందం పేరు కంటే, వారి పనిలో ఏది బాగుందో, ఏది లోపించిందో తెలిస్తేనే ఇలాంటి సేవ కోసం వెతుకుతున్నవారికి ఉపయోగం గనుక ఆ వివరాలే రాస్తున్నాను.

రేసుకు రెండు వారాల ముందే కారును వారి వర్క్‌షాపులో అప్పగించాను. ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చడం, కొత్త బ్రేక్ ప్యాడ్లు వేయడం, చక్రాల బేరింగులు, సస్పెన్షన్ బోల్టులు, ఆక్సిల్ బూట్లు (ఆక్సిల్ జాయింట్లలోని గ్రీజును కాపాడే రబ్బరు తొడుగులు) పరిశీలించడం ఒప్పందంలో ఉన్న పనులు. కారుతోపాటు నాకు అందిన కాగితంలో ప్రతి పని ఎదుటా టిక్కు ఉంది. శుక్రవారం ఉదయం సాంకేతిక తనిఖీలో కూడా అధికారులు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. అయితే ఆ తనిఖీలో చూసేది రోల్ కేజ్ (కారు బోల్తాపడితే డ్రైవరును కాపాడే ఉక్కు చట్రం), బెల్టులు, అగ్నిమాపక పరికరం, బయటికి కనిపించే లీకుల వంటివే తప్ప, బ్రేకు గొట్టాల లోపల ఉన్న ద్రవం వయసు ఎవరికీ కనిపించదు.

మొదటి ప్రాక్టీసు సెషన్ ఐదో ల్యాపులో ఒక పొడవాటి మలుపు నుంచి బయటికి వస్తుండగా, ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఇంజిన్ ఒక్కసారిగా ఆగి, రెండు క్షణాల తర్వాత మళ్లీ అందుకుంది. ఆ రెండు క్షణాల్లోనూ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు సున్నాకు పడిపోవడం నేను స్పష్టంగా చూశాను. పిట్‌కు తిరిగివచ్చి ఆ మాటే చెప్పాను. కారు చల్లారాక స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఏ లోపమూ లేకుండా తిరిగింది, స్కానర్‌లో లోపాన్ని సూచించే ఏ కోడూ నమోదు కాలేదు. ప్రధాన మెకానిక్ ఫ్యూయల్ ఫిల్టర్ మార్పించారు. రెండో సెషన్‌లో అదే జరిగింది. ఈసారి స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లు మార్చారు. మూడో సెషన్‌లో కారు పూర్తిగా ఆగిపోయి, తాడు కట్టి లాక్కురావలసి వచ్చింది.

నా ప్రధాన అభ్యంతరం ఇక్కడే ఉంది. కారు నాలుగో గేరులో, క్లచ్ వదిలిపెట్టి వెళుతున్నప్పుడు పెట్రోలు అందకపోయినా, మంట పుట్టకపోయినా, చక్రాలే క్రాంక్‌షాఫ్ట్‌ను (ఇంజిన్ ప్రధాన ఇరుసును) తిప్పుతూ ఉంటాయి కాబట్టి ముల్లు కారు వేగానికి తగ్గ అంకె దగ్గరే ఉండాలి. అది సున్నాకు పడిందంటే, క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతున్న సంగతే ఇంజిన్ కంప్యూటర్‌కు తెలియడం లేదన్నమాట. అంటే వెతకవలసింది ఆ తిరుగుడును పసిగట్టే క్రాంక్ సెన్సర్‌లో, దాని వైర్లలో, లేదా కంప్యూటర్‌కు అందే కరెంటులో. వేడెక్కినప్పుడే ఆగి, చల్లారితే బాగుపడటం సెన్సర్ వైపే వేలు చూపిస్తుంది. ఇంత స్పష్టమైన లక్షణం చేతిలో ఉండగా ఫిల్టరూ ప్లగ్గులూ మార్చడం నాడి చూడకుండా మందివ్వడమే. పైగా కారులో ఇలాంటి కొలతలన్నీ నమోదు చేసే డేటా లాగర్ ఉంది. మూడు సెషన్లలో ఒక్కసారి కూడా దాన్ని ఎవరూ తెరవలేదు. సాయంత్రం నేను పట్టుబట్టాక తెరిచి చూస్తే, ముందుగా ఆర్‌పీఎం గీత నిట్టనిలువుగా పడిపోవడం, ఫ్యూయల్ ప్రెషర్ ఆ తర్వాతే తగ్గడం గ్రాఫులో ఎవరికైనా అర్థమయ్యేలా ఉంది.

ఆ గ్రాఫు చూశాక మాత్రం ప్రధాన మెకానిక్ ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. సెన్సర్ విప్పి, దాని రెండు కొసలకు మల్టీమీటర్ తగిలించి, వేడి గాలి పట్టించారు. చల్లగా ఉన్నప్పుడు స్థిరంగా ఉన్న రెసిస్టెన్స్ అంకె, వేడెక్కగానే మీటరు మీద మాయమైంది. లోపలి కాయిల్ తీగ ఎక్కడో చిట్లి, వేడికి సాగి విడిపోతోంది. ఈ పరీక్షకు పట్టింది పావుగంట. కొత్త సెన్సర్ వారి దగ్గరే సిద్ధంగా ఉంది. వేడికి సెన్సర్ చెడిపోవడం వారి తప్పు కాదు, వర్క్‌షాపులో దాన్ని పసిగట్టడం కూడా కష్టమే. కానీ డ్రైవరు చెప్పినదాన్ని సాక్ష్యంగా తీసుకుని ఉంటే నా శుక్రవారం వృథా అయ్యేది కాదు.

శనివారం జరిగినదాన్ని మాత్రం నేను అంత తేలిగ్గా తీసుకోలేను. రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫైయింగ్ మూడో ల్యాపులో, ట్రాక్‌లోని అత్యధిక వేగం నుంచి రెండో గేరుకు దిగవలసిన మలుపు దగ్గర బ్రేకు మీద కాలు వేస్తే పెడల్ నేల దాకా దిగిపోయింది. కాలు ఎత్తి మళ్లీ రెండుసార్లు గట్టిగా తొక్కితే కొంత పట్టు దొరికింది, కానీ అప్పటికే మలుపు దాటిపోయి కంకర మేటలోకి వెళ్లాను. దేనినీ ఢీకొనలేదు. చక్రాలు కంకరలో కూరుకుపోయాక, ఇంజిన్ ఆపి సీటులో కూర్చున్నప్పుడు నా చేతులు వణకడం నాకింకా గుర్తుంది.

పిట్‌లో కాలిపర్‌కు (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగానికి) ఉండే, ద్రవం బయటికి వదిలే నిపుల్ తెరిస్తే గాలి బుడగలతోపాటు బయటికొచ్చిన ద్రవం డికాక్షన్ రంగులో ఉంది. రెండు వారాల క్రితం మార్చిన ద్రవం అలా ఉండదు. గ్లైకాల్ ఆధారంగా తయారయ్యే బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు చేరినకొద్దీ దాని మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, సుమారు 3.7 శాతం నీరు చేరిన ద్రవానికి ఆ కనీస పరిమితి 155 డిగ్రీలే. రేసు కోసం ప్రత్యేకంగా తయారయ్యే ద్రవాలు కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటినా మరగవు, అయితే పాతబడితే వాటి బలం కూడా తగ్గిపోతుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే కాలిపర్‌లో ద్రవం మరిగితే కాలి బలమంతా ఆవిరిని నలపడానికే సరిపోయి, ప్యాడ్ల దాకా చేరదు. రోడ్డు మీద అలాంటి ద్రవంతో ఏళ్ల తరబడి తిరిగినా తెలియకపోవచ్చు, రేసులో మూడు ల్యాపులు చాలు.

ప్రధాన మెకానిక్ వెంటనే వర్క్‌షాపుకు ఫోన్ చేసి ఆరా తీశారు. ప్యాడ్లు మార్చిన వ్యక్తి రిజర్వాయర్‌లో తగ్గిన ద్రవాన్ని నింపి, మొత్తం మార్చినట్టు టిక్కు పెట్టాడు. ఆ సంగతి నా దగ్గర దాచవచ్చు, దాచలేదు. నా ఎదుట నిలబడి, తప్పు తమదేనని, సంతకం పెట్టేముందు తాను సరిచూడలేదని చెప్పి క్షమాపణ అడిగారు. ఆ నిజాయతీని నేను గౌరవిస్తున్నాను. అయినా, చేయని పనికి టిక్కు పెట్టిన కాగితం కంటే ఖాళీ కాగితమే నయమన్న నా అభిప్రాయం మారలేదు, ఎందుకంటే ఖాళీ కాగితం చూసి ఉంటే నేను అడిగి ఉండేవాడిని.

మధ్యాహ్నం జరిగిన మొదటి రేసు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చివరి వరుస నుంచి బయలుదేరి ఐదు కార్లను దాటాను. ఆరో ల్యాపులో నల్ల జెండా, దాని మధ్యలో నారింజ రంగు బిళ్ల, పక్కన నా కారు నంబరు కనిపించాయి. కారులో ప్రమాదకరమైన లోపం ఉంది, పిట్‌కు రమ్మని దాని అర్థం. ఆక్సిల్ బూట్ క్లిప్పు జారి, లోపలి గ్రీజు వేడి సైలెన్సర్ గొట్టం మీద చిమ్మి పొగ లేచింది. ఆక్సిల్ బూట్లు పరిశీలించినట్టు కూడా ఆ కాగితంలో టిక్కు ఉంది.

ఆ రాత్రి వారు పనిచేసిన తీరు చూడకపోయి ఉంటే ఈ సమీక్ష ఇక్కడే, ఒకే ఒక్క మార్కుతో ముగిసేది. ముగ్గురు మనుషులు అర్ధరాత్రి దాటేదాకా ఒళ్లు దాచుకోకుండా పనిచేశారు. జాయింటులో గ్రీజు ఎంత మిగిలిందో తెలియదు గనుక బూట్ ఒక్కటే మార్చి సరిపెట్టకుండా ఆక్సిల్ మొత్తం మార్చారు. నాలుగు కాలిపర్ల నుంచీ పాత ద్రవాన్ని పూర్తిగా వెళ్లగొట్టి, కొత్త సీసా నా ఎదుటే సీలు తెరిచి నింపారు, స్వచ్ఛమైన ద్రవం వచ్చేదాకా గాలి తీశారు, చివరికి పెడల్ గట్టిదనం నా కాలితోనే చూసుకోమన్నారు. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న కంకరను ఒక్కొక్కటిగా ఏరారు. చక్రాల నట్లను గన్‌తో బిగించి వదిలేయకుండా టార్క్ రెంచితో సరిచూసి, సడలితే ఇట్టే తెలిసేలా ప్రతి నట్టు మీద రంగు గీత గీశారు. ఇదే శ్రద్ధ రెండు వారాల ముందు వర్క్‌షాపులో ఉండి ఉంటే, అంత రాత్రి దాకా శ్రమ పడవలసిన అవసరం వారికీ ఉండేది కాదు.

ఆదివారం రెండో రేసులో, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చార్జింగ్ తగ్గి, చివరి నాలుగు ల్యాపుల్లో వోల్టేజీ 12కు దిగింది. ఇంజిన్ తిరుగుతుండగా అది సుమారు 14 ఉండాలి. రేడియోలో ప్రధాన మెకానిక్ శాంతంగా ఒక్కొక్కటే చెప్పారు: లైట్లు కట్టేయండి, క్యాబిన్ ఫ్యాన్ కట్టేయండి, రేడియేటర్ ఫ్యాన్ నేరుగా ఉన్న దారిలో అవసరం లేదు, అక్కడ ఆపేయండి. మొదటి రోజు నేను చెప్పింది వినని మనిషి, ఈసారి నేను చదివే ప్రతి అంకెనూ అడిగి తెలుసుకుని దాని మీదే నిర్ణయాలు తీసుకున్నారు. కారు చివరి గీత దాటింది, వారాంతమంతటిలో నా వేగవంతమైన ల్యాపు కూడా ఆ రేసులోదే.

బిల్లులో శనివారం శ్రమకు, బ్రేక్ ఫ్లూయిడ్‌కు, ఆక్సిల్‌కు ఏమీ వసూలు చేయలేదు. సెన్సర్‌కు భాగం ఖరీదు మాత్రమే వేశారు. అనవసరంగా మార్చిన ప్లగ్గులు, కాయిళ్లు మొదట బిల్లులో ఉన్నాయి, అడిగితే తీసేశారు. అడగకముందే తీసేసి ఉండవలసింది. పిట్‌లో సేవకు ఐదుకు నాలుగున్నర, ముందస్తు తయారీకి ఒకటి ఇస్తున్నాను. ఇలాంటి బృందాన్ని కుదుర్చుకునేవారు టిక్కుల కాగితంతో తృప్తిపడకుండా ప్రతి పనికీ తేదీ, చేసినవారి సంతకం, సరిచూసిన మరొకరి సంతకం అడగాలి. బ్రేకుల విషయంలో ఫోటో కూడా అడగాలి.

తర్వాతి రేసుకు ఆ షరతుల మీదే కారును మళ్లీ వారికి అప్పగించాను. నిన్న వారు పంపిన పత్రంలో బ్రేక్ ఫ్లూయిడ్ వరుసలో తేదీ, రెండు సంతకాలు ఉన్నాయి. కింద జతచేసిన ఫోటోలో, కాలిపర్ నుంచి పారదర్శకమైన గొట్టం గుండా సీసాలోకి దిగుతున్న ద్రవం లేత తేనె రంగులో ఉంది.